టక్కుమనేదాకా

"మళ్ళీ చెప్పు ఆర్విడ్. లోపల ఏం చెయ్యాలి?"

"చీజ్ శాండ్‌విచ్. ఓడ మీద ఇరవైమంది నావికులకి మూడు పూటలా వండిపెట్టినవాణ్ణి లోర్నా. నాకు రొట్టె కాల్చడంలో పరీక్షా?"

"ఆ గొప్పలు లోపల మొదలెట్టకు. ఇవాళ తేదీ ఎంత?"

"గురువారం."

"తేదీ అడిగాను."

"గురువారం నాటి తేదీ."

అమెరికాలో పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో, మెదడు దెబ్బతిన్నవాళ్ళకు రోజువారీ పనులు మళ్ళీ నేర్పే క్లినిక్ ముందు, కారులో కూర్చుని ఉన్నారు మొగుడూ పెళ్ళాలు.

"నవ్వించకు. సోమవారం నేను పనిలోకి వెళ్ళకపోతే బేకరీలో నా చోటు ఇంకొకరిది. ఇవాళ నువ్వు నెగ్గితేనే ఇంట్లో ఒంటరిగా ఉండనిస్తారు. లేకపోతే..."

"లేకపోతే?"

"నిన్న చెప్పానుగా."

"చెప్పావు, చెప్పావు. ఏం చెప్పావు?"

"రోగుల్ని కనిపెట్టుకునుండే హోమ్‌లో చేర్చాల్సొస్తుంది. నిన్ను."

"ఎందుకు? నాకేమైంది?"

"తలలో నరం ఉబ్బి చిట్లింది ఆర్విడ్. నవంబరులో. మన వంటింట్లోనే పడిపోయావు."

"అబ్బే, నవంబరులో నేను ఓడ మీదున్నాను. బఠాణీ సూపు కాశాను. కెప్టెన్ రెండోసారి పోయించుకున్నాడు."

"సరే. పోయించుకున్నాడు. దిగు."

క్లినిక్‌లో ఒక గదిని అచ్చం వంటిల్లులా అమర్చారు. పరీక్ష పెట్టే అమ్మాయి పేరు డెనీస్.

"లోర్నా గారూ, మీరు ఆ గోడ పక్కన కూర్చోండి. మాట సాయం కూడా చెయ్యకూడదు. కనుబొమ్మలతో కూడా."

"నా కనుబొమ్మలు నన్నడిగి కదలవమ్మా."

"ఆర్విడ్ గారూ, ఇక మొదలుపెట్టండి."

"ఈ పెనం ఎవరు కొన్నారమ్మాయ్? దీని మీద కాల్చి పెడితే మా ఓడవాళ్ళు నన్ను సరస్సులో పడేసేవాళ్ళు."

"ఈ పూటకి సర్దుకోండి. వెన్న రాశారు, మంట తగ్గించారు... చాలా బాగుంది. ఇంట్లోనూ ఇలాగే చేస్తారా, లోర్నా గారూ?"

"రోజూ ఇలాగే. ఒక్కసారి తప్పితే ఒట్టు."

"ఇదిగో, పళ్ళెంలోకి దించాను. చూడమ్మాయ్, నాలుగు అంచులూ ఒకే రంగు."

"అద్భుతం. ఇంకేమీ లేకపోతే కూర్చోండి."

"కూర్చున్నాను."

"ఆర్విడ్, ఇంకేమైనా మిగి..."

"లోర్నా గారూ!"

"నేనేమీ అనలేదు."

"సగం అన్నారు."

"ఖాళీ పెనం పొగ చిమ్ముతోందమ్మా!"

"చూస్తున్నాను. పెనం పక్కన పెడతాను, మంట మాత్రం ఉండనిద్దాం. లోర్నా గారూ, లేవకండి! ఆ చెయ్యి ఎక్కడికి వెళుతోంది?"

"అది... అలవాటు."

"ఏం అలవాటు? ఇంట్లో స్టవ్ ఆపేదెవరు?"

"ఆయనే. మర్చిపోయినప్పుడు మాత్రం నేను."

"ఎప్పుడెప్పుడు మర్చిపోతారు?"

"మెల్లగా మాట్లాడండి, ఆయన వింటాడు... ఆసుపత్రినుంచి వచ్చినప్పట్నుంచీ రోజూ. చిన్నబుచ్చుకుంటాడని చడీచప్పుడు లేకుండా వెనకనుంచి వెళ్ళి ఆపేస్తాను. నాకు తెలుసు, తప్పే. ఇంకొక్క వారం ఇవ్వండమ్మా. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"వారం ఇస్తే ఏమవుతుంది చెప్పండి. ఆ నరం చిట్లాక ఆయన బుర్రలో కొత్త సంగతి ఒక్కటంటే ఒక్కటి నిలవలేదు. నిలిచిందని చూపించే రుజువు ఒక్కటున్నా నేనే పైవాళ్ళతో పోట్లాడి గడువు అడిగేదాన్ని."

"రుజువు ఎక్కణ్ణించి తేను..."

"ఆర్విడ్ గారూ, మీ శాండ్‌విచ్ చల్లారిపోతోంది. తినరేం?"

"అప్పుడే ఎలా తింటానమ్మాయ్? నేను కూర్చున్నాక వెనకాల టక్కుమని చప్పుడొస్తుంది. అదొచ్చాకే తినడం."

"ఏం చప్పుడు?"

"ష్! గట్టిగా అనకు. లోర్నా స్టవ్ ఆపే చప్పుడు. నాకు తెలీదనుకుంటోంది, పిచ్చిది."