ఎనిమిది లెక్కపెట్టేదాకా

యుద్ధం రోజులు. నాలుగు రోజులుగా ముసురు పట్టిన అమలాపురంలో, ఒక ఫొటో స్టూడియోకి గన్నవరం నుంచి ఒకావిడ ఏడాది పిల్లని ఎత్తుకుని తడుస్తూ వచ్చింది.

“ఎండ కాసేక రామ్మా. ఈ మబ్బులో ఫొటో రాదు.”

“వచ్చే వారం మా ఆయన పటాలం ఓడెక్కేస్తుందటండి. ఆయన పిల్ల మొహం ఒక్కసారీ చూడలేదు. ఈలోగా ఫొటో అందాలండి.”

“భగ్గుమని వెలిగే మెరుపు మందు ఉంటే చిటికెలో తీసేద్దును. యుద్ధం వచ్చేక అది దొరికి చావడం లేదు. ఇప్పుడు కెమెరా మూత తీసి ఎనిమిది లెక్కపెట్టాలి. ఆలోగా పిల్ల కదిలిందంటే మొహం అలుక్కుపోతుంది.”

“ఏడాది పిల్ల కదలకుండా ఉంటుందేటండీ!”

“అందుకే ముందు నిద్రపుచ్చమ్మా.”

“అమ్మో, వద్దండి బాబూ! కళ్ళు మూసుకున్న ఫొటో పోయినవాళ్ళకే కదండీ తీయిస్తారు. అది చూసి ఆయనేమైపోతారు?”

“నిద్రపోతోందని ఉత్తరంలో రాయించు.”

“ఓదార్చడానికి అలా రాయించేననుకుంటారండి.”

“నిజమేలే. నేనైనా అంతే అనుకుందును. మరేం చెయ్యమంటావమ్మా నన్ను?”

“నన్నూ కలిపి తీయండి. పిల్ల నా ఒళ్ళో నిద్రపోతుంటే నేను నవ్వుతుంటాను. తల్లి నవ్వుతోందంటే పిల్ల బాగున్నట్టే కదండీ.”

“నవ్వడం గొప్ప కాదమ్మా. ఎనిమిది దాకా ఆ నవ్వు జారకూడదు. నా దగ్గరికొచ్చే పెళ్ళికొడుకులే నాలుగు లెక్కపెట్టేసరికి డీలా పడిపోతారు.”

“ఆయ్. ఆయన వెళ్ళిన ఏడాదిన్నర నుంచీ మా అత్తగారి ఎదట నవ్వుతూనే ఉన్నానండి. మీరు లెక్కపెట్టండి.”