ఎటూ తేలని మూల

ఆర్లిస్ బ్రాంట్‌కి ఆ సాయంత్రం ఎటు పోవాలో పాలుపోలేదు. బయట మోకాలి లోతు మంచు. అయినా బడి బాస్కెట్‌బాల్ హాల్లో ఊరంతా పోగైంది. తలుపు వైపు గోడకి సెనేటర్ మార్లో పోస్టర్లు, వాటికింద ఆవిడ మనుషులు. ఎదుటి గోడకి గవర్నర్ హాస్కిన్స్ పోస్టర్లు, వాటికింద ఆయన మనుషులు, ఒక బల్ల నిండా కుకీలు. మన పార్టీ తరఫున దేశాధ్యక్ష పదవికి ఎవరు నిలబడాలో చెప్పడానికి, అమెరికాలోని ఈ అయోవా రాష్ట్రంలో చీటీ వేసి ఇంటికి పోతే కుదరదు. నచ్చిన మనిషి మూలకి నడిచివెళ్ళి, ఇరుగూ పొరుగూ అందరూ చూస్తుండగా నిలబడాలి. గంట మోగేసరికి మన కాళ్ళు ఎక్కడుంటే మన ఓటు అక్కడ పడ్డట్టు.

చలికాలం మొదలైనప్పటినుంచీ ఆర్లిస్‌కి ఒకటే ఫోన్లు. ఒకడు చైనా వ్యాపారం కంటే పెద్ద సమస్య లేదంటాడు. వాడు పెట్టేయగానే ఇంకొకత్తె, పన్నుల సంగతి చూడకుండా ఓటేస్తే పిల్లల గొంతు కోసినట్టే అంటుంది. టీవీ పెడితే యుద్ధం, రేడియో పెడితే వాతావరణం. అన్నీ నిజమే అనిపిస్తాయి, అదే వచ్చిన చిక్కు. ఈ గోలలో ఆవిడ కడుపులో నలుగుతున్న సంగతి మాత్రం వేరే ఉంది. జిల్లా ఆస్పత్రిలో కాన్పుల వార్డు పోయిన వేసవిలో మూసేశారు. మనవరాలు టెస్సాకి మార్చిలో నెలలు నిండుతాయి. నొప్పులొస్తే పక్క జిల్లా దాకా గంటన్నర ప్రయాణం, అదీ రోడ్డు మీద మంచు లేకపోతే. తలుచుకుంటే చాలు ఆవిడకి నిద్ర పట్టదు. కానీ దేశాధ్యక్షుణ్ణి ఎంచుకునేటప్పుడు చూడవలసిన విషయమా ఇది? ఇంట్లో గోడు ఇంట్లో ఉండాలని ఎవరికీ చెప్పలేదు.

అందుకని వెళ్ళి బాస్కెట్‌బాల్ రింగు కింద నిలబడింది. ఇంకా తేల్చుకోనివాళ్ళ మూల అది. అక్కడ అప్పటికి నలుగురైదుగురు బిక్కమొహాలతో ఉన్నారు. వాళ్ళలో ఓర్విల్ టీగెన్ ఒకడు, వాడి మొహంలో మాత్రం బిక్క అన్నది లేదు.

సభ నడిపే క్రిస్టెన్ బళ్ళో లెక్కల టీచరు. కుర్చీ ఎక్కి రూలు చదివింది. “అరగంటలో గంట కొడతాను. పదిమంది లేని మూల రద్దు, వాళ్ళు వేరే మూలకి పోవచ్చు. పదిమంది ఉన్న మూల ఖాయం. అందులోంచి ఇక ఒక్కరు కూడా కదలకూడదు. తర్వాత నన్ను బతిమాలొద్దు.”

“ఓర్విల్, నువ్విక్కడేంటి?” అన్నాడు అటుగా వచ్చిన గేలెన్, ధాన్యం గిడ్డంగిలో పనిచేసేవాడు. “పక్కింటి కుక్కకి జలుబు చేసినా తీర్పు చెప్తావు కదా, నీకు తేలకపోవడమేంటి?”

“తేలకపోవడం కాదోయ్,” అన్నాడు ఓర్విల్, టోపీ వెనక్కి నెట్టి. “నాకు మరీ ఎక్కువ తెలిసిపోయింది. అదీ నా బాధ. ఆగస్టులో రాష్ట్రం తిరునాళ్ళకి వెళ్ళానా, పుల్లకి గుచ్చిన పంది మాంసం ఇచ్చే కొట్టు దగ్గర వరసలో నిలబడ్డానా, నా ముందు ఒకావిడ నిలబడింది. వెనక్కి తిరిగింది, చూద్దును కదా, సెనేటర్ మార్లో! ‘అయ్యా, మిమ్మల్ని చూస్తే నాలుగూ తెలిసినవారిలా ఉన్నారు, ఈ ఎన్నికల్లో ఏ విషయం ముఖ్యమంటారు?’ అంది. నేను చెప్పడం మొదలెట్టాను. ఆవిడ చేతిలో మాంసం చల్లారిపోయింది, తినలేదు. నాప్కిన్ మీద రాసుకుంది, అది నిండిపోతే చొక్కా చెయ్యి మీద రాసుకుంది. పట్టు చొక్కా!”

“సరేలే,” అన్నాడు గేలెన్. ఆ మాత్రం జరిగి ఉండొచ్చు అనుకుంది ఆర్లిస్. తిరునాళ్ళకి పోటీ చేసేవాళ్ళందరూ వస్తారు, మనుషులతో మాట్లాడతారు.

“సరే అంటే అయిపోలేదు. మళ్ళీ మంగళవారం పొద్దున నేను పాక కడుగుతున్నాను. వాకిట్లో బస్సు. ఆవిడే! ‘మీరు చెప్పింది సగమే అర్థమైంది, మిగతా సగం కోసం నిద్రపోలేదు’ అంది. కూచోబెట్టి కాఫీ ఇచ్చానో లేదో, గడ్డి కుప్ప వెనకనుంచి దగ్గు వినిపించింది. ఎవరనుకున్నారు? గవర్నర్ హాస్కిన్స్! తెల్లారకముందే వచ్చి దాక్కుని వింటున్నాడు, ఒళ్ళంతా గడ్డి. ఏం చేస్తాను, ఇద్దరినీ బూట్లు విప్పించి వంటింట్లోకి తీసుకెళ్ళాను.”

“మీ డెలోరిస్ ఏమంది?” అన్నారెవరో.

“దానికేం, అది ఊళ్ళో లేదులే,” అన్నాడు ఓర్విల్ గబగబా, గొంతు కాస్త తగ్గించి. డెలోరిస్ వాడి భార్య. హాలుకి ఆ చివర మార్లో గుంపులో నిలబడి స్వెటర్ అల్లుకుంటోంది.

గొంతు తగ్గిస్తే చాలు మనుషులు దగ్గరికొస్తారు. హాస్కిన్స్ గుంపులోంచి ఇద్దరు కుకీలు కొరుక్కుంటూ ఇటొచ్చారు. మార్లో వైపునుంచి ముగ్గురు కాఫీ కప్పులతో వచ్చారు. అటూ ఇటూ ఊరికే నిలబడి కాళ్ళు లాగేస్తున్నాయి పాపం, ఇక్కడేమో కాలక్షేపం.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఈ సంగతి బయటికి పొక్కింది. గురువారానికల్లా నా వాకిట్లోంచి హైవే దాకా బస్సులే బస్సులు. రెండు పార్టీలవాళ్ళూ వచ్చేశారు. పాలవ్యాను దారిలేక వెనక్కి పోయింది. నేను వరండాలో కూచుని టోకెన్లు ఇచ్చాను. ఒకడొచ్చి పన్నులు ముఖ్యం అంటాడు, నిజమే కదా అనుకుంటాను. రెండోవాడు యుద్ధం అంటాడు, అదీ నిజమే. ఇంకొకడు వాతావరణం అంటాడు, కిటికీలోంచి చూస్తే వాతావరణం అక్కడే ఉంది, కాదనడానికి లేదు. మధ్యాహ్నానికి నా బుర్ర గిర్రున తిరిగిపోయింది. అన్నీ ముఖ్యమే అయితే ముఖ్యమన్న మాటకి అర్థమేముంది? మీరే చెప్పండి.”

ఆర్లిస్ తనకు తెలియకుండానే తలూపింది. వాడు కోస్తున్నవి కోతలని తెలుసు. కానీ ఆ చివరి మాట అచ్చంగా తన మనసులోదే. ఇంకో అడుగు ముందుకు జరిగింది.

“అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మనుషుల్ని నమ్మి లాభం లేదు. నా పెద్ద ఆడపంది ఉంది కదా, డచెస్...”

“నీ పందుల్ని ఎప్పుడో అమ్మేశావు కదయ్యా!” అన్నాడు గేలెన్.

“దాన్ని అమ్మలేదు. కొనేవాడి లారీలో పట్టలేదు. మధ్యలో మాట్లాడకు. ఒక్కో మొక్కజొన్న పొత్తుకి ఒక్కో సమస్య పేరు రాసి చీటీ కట్టాను. పాకలో వరసగా పేర్చాను. పంది దేన్ని ముట్టుకోకుండా వదిలేస్తే అదే దేశానికి అసలు సమస్య. ఎందుకంటారా? అరగనిది ఏదో పందికి తెలిసినంత మనకి తెలియదు. అభ్యర్థులందరూ కంచెకి ఆనుకుని ఊపిరి బిగబట్టారు. డచెస్ వచ్చింది. చైనా వ్యాపారాన్ని ఒక్క గుటకలో మింగింది. యుద్ధాన్ని నమిలింది. పన్నుల దగ్గర ఒక్క త్రేన్పు త్రేన్చింది, పాక రేకులు లేచిపోయాయి. గవర్నర్ హాస్కిన్స్ ఏడ్చేశాడు!”

హాస్కిన్స్ మనుషులు పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఏమిటేమిటంటూ మరో ఏడెనిమిది మంది వచ్చారు. రింగు కింద ఇప్పుడు తిరునాళ్ళ గుంపులా ఉంది. వెనకవాళ్ళు మునివేళ్ళ మీద నిలబడి వింటున్నారు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? సంగతి వాషింగ్టన్‌కి తెలిసింది. విమానం పంపారు. నా పొలంలోనే దిగింది. డచెస్‌ని ఎక్కిస్తే విమానం తోక కిందికి, ముక్కు పైకి! జనరల్స్ అందరూ వెళ్ళి ముందు సీట్లలో కూచుంటే గానీ లేవలేదు. అక్కడ ఎర్ర తివాచీ పరిచారు. ఇది తిన్నగా నడుచుకుంటూ పోయి అధ్యక్షుడి కుర్చీలో కూచుంది. దింపడం ఎవరి తరం? అరగంట కూచుంది. ఒట్టు, ఆ అరగంటలో దేశంలో ఒక్క తప్పుడు పని జరగలేదు. మొక్కజొన్న ధర పెరిగింది. రష్యావాళ్ళు ఫోన్ చేసి, ‘ఇప్పుడున్నవారిని మార్చకండి’ అన్నారు!”

“అది సరే,” అంది ఆర్లిస్. తన గొంతు అంత గట్టిగా వినిపిస్తుందని ఆవిడా అనుకోలేదు. “ఆ వదిలేసిన పొత్తు మీద ఏముంది?”

“ఆఁ?”

“పంది తినకుండా వదిలేసిన పొత్తు. దాని మీద ఏ సమస్య పేరుంది?”

లేని పంది తినని పొత్తు గురించి ఆరాటపడుతున్నందుకు ఆవిడకి సిగ్గేసింది. కానీ ఎవరో ఒకరు చెప్తే బాగుండునని ఉంది, పందయినా సరే. ఓర్విల్ టోపీ సవరించుకున్నాడు. అంతలో క్రిస్టెన్ గంట కొట్టింది.

“ఎక్కడివాళ్ళు అక్కడే! కదలొద్దు, లెక్కపెడుతున్నాను.”

మార్లో మూలలో పద్నాలుగు. హాస్కిన్స్ మూలలో పదమూడు. రింగు కింద లెక్క పెట్టడానికి క్రిస్టెన్ రెండుసార్లు తిరగాల్సి వచ్చింది. “పందొమ్మిది,” అంది. ఆమెకే అర్థం కాలేదు. “తేల్చుకోనివాళ్ళు పందొమ్మిది మంది. ఈ మూల ఖాయం.”

ఒక్కసారిగా గోల లేచింది. “నేను మార్లో మనిషిని, కథ వినడానికొచ్చాను!” అని ఒకడు. “నేను కుకీ ఇద్దామని వచ్చాను తల్లీ!” అని ఒకావిడ. “గోడ దగ్గర చలేసి ఇటొచ్చాను, ఇదెక్కడి అన్యాయం!” అని ఇంకొకాయన. క్రిస్టెన్ కుర్చీ దిగలేదు. రూలు ముందే చెప్పానంది. కాళ్ళెక్కడుంటే ఓటక్కడేనంది. బళ్ళో ఇన్నేళ్ళుగా మార్కులు కలపమని ఏడ్చేవాళ్ళని చూసిన మనిషి, ఏం కరుగుతుంది?

“మీ మూలకి పార్టీ జిల్లా సభలో ఒక స్థానం వచ్చింది,” అంది. “మీ తరఫున ఎవరో ఒకరు వెళ్ళాలి. అక్కడికి ఇద్దరు అభ్యర్థులూ వస్తున్నారు. ఏ విషయం తేలక మీరు ఎవరినీ ఎంచుకోలేదో వాళ్ళ మొహం మీదే అడగొచ్చు. ఎవరు వెళ్తారు, ఏం అడుగుతారు?”

పందొమ్మిది మందిలో పద్దెనిమిది మంది ఓర్విల్ వైపు తిరిగారు.

“చెప్పవయ్యా మరి,” అన్నాడు గేలెన్. అతనూ ఇరుక్కుపోయాడు, ఆ కసి గొంతులో ఉంది. “వాళ్ళకి పాఠం చెప్పినవాడివి. ఏది ముఖ్యం?”

ఓర్విల్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. “అంటే, అన్ని కోణాల్లోంచీ చూస్తే... ముఖ్యంగా... దేశం అన్నాక...”

“ఆయన్ని వదిలేయండి,” అంటూ డెలోరిస్ అల్లిక చంకలో పెట్టుకుని హాలు దాటి వచ్చింది. “తిరునాళ్ళలో నేను పక్కనే ఉన్నాను. మార్లో మాట్లాడిందన్న మాట నిజమే. ‘మీ ఊళ్ళో ఎలా ఉంది, మీకేమైనా కష్టం ఉందా?’ అని ఈయన చెయ్యి పట్టుకుని అడిగింది. మన వార్డుకి అప్పటికే తాళం పడింది. ఈయన ఇలాగే టోపీ తీసి, ‘ఏం లేదమ్మా, అంతా బాగానే ఉంది’ అన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. అంతే జరిగింది.”

ఎవరూ నవ్వలేదు. నవ్వబోయిన గేలెన్ కూడా బూట్ల వైపు చూసుకున్నాడు. ఎందుకంటే ఆ హాల్లో ఉన్న ప్రతివాళ్ళూ ఏదో ఒకనాడు ఏదో ఒక అభ్యర్థికి ఆ మాటే చెప్పారు. ఇక్కడ మనిషి చెయ్యి విరిగి కట్టుతో వస్తున్నా, ఎలా ఉన్నావంటే ఫర్వాలేదంటాడు. కష్టం చెప్పుకోవడం ఇంకొకళ్ళ ఇంట్లో అడగకుండా భోజనానికి కూచోవడమంత తప్పు. జనవరిలో తలుపు తట్టిన కార్యకర్త అమ్మాయి, మీకు దేని గురించి దిగులు ఎక్కువండీ అని అడిగింది. ఆర్లిస్ ఆ పిల్ల చేతిలో వేడి కోకో పెట్టి, దిగులా, నాకేం దిగులమ్మా అంది. ఇప్పుడు తన మీద తనకే ఒళ్ళు మండింది.

“నేను వెళ్తాను,” అంది.

“ఏం అడుగుతారు ఆర్లిస్ గారూ?” అంది క్రిస్టెన్.

“మా మనవరాలికి మార్చిలో కాన్పు. ఎక్కడ కనాలో చెప్పమంటాను. పక్క జిల్లాకి పోయే దారిలో కనాలా? చాలా భయంగా ఉంది నాకు. ఇది అధ్యక్షుడి దాకా పోయే మాటో కాదో తెలియదు. వాళ్ళిద్దరిలో ఎవరు మంచివాళ్ళో అసలే తెలియదు. అదొక్కటీ అడిగి, ఎవరు ఏం చెప్తారో వింటాను.”

“దేశాధ్యక్షుడు వచ్చి మనూళ్ళో కాన్పుల వార్డు తెరుస్తాడా?” అన్నాడు గేలెన్. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగాడు.

“ఏమో గేలెన్. ఇంతవరకూ ఎవరూ అడగలేదుగా.”

“నా కోడలికి జూన్‌లో,” అంది కుకీలావిడ మెల్లిగా. ఇందాక అన్యాయమని అరిచినవాళ్ళెవరూ ఇప్పుడు ఆ మూల వదిలిపోతామనలేదు. ఆర్లిస్ పేరుకి చేతులు లేచాయి. ఓర్విల్ చెయ్యి అందరికంటే ఎత్తున లేచింది.

సభ ముగిశాక ఆవిడ కోటు తొడుక్కుంటుంటే వాడు వెనకాలే వచ్చాడు. “జిల్లా సభకి నా ట్రక్కులో తీసుకెళ్తాను ఆర్లిస్. మంచులో నువ్వు నడపలేవు. పైగా మార్లో నాకు తెలుసు కదా, పరిచయం చేస్తాను,” అన్నాడు.

ఆర్లిస్ చేతితొడుగులు వేసుకుంది. వాడి మొహంలోకి చూసింది.

“సరే, నువ్వే నడుపు,” అంది. “కానీ అక్కడ ఎవరైనా వచ్చి ఎలా ఉన్నారండీ అని అడిగితే మాత్రం, నీకు దణ్ణం పెడతాను ఓర్విల్, నువ్వు నోరెత్తకు.”