కదలని గుమ్మం

కెమెరా ఊగకుండా పట్టే గింబల్ కొనడానికి, కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చాడు తండ్రి. పాప గుమ్మం దగ్గరే ఆగింది.

"అన్నిట్లోకీ చవకైంది చూపించన్నా."

"పెళ్ళి వీడియోలకా సార్?"

"కాదు. పాప నడక తీసి పంపితే, ఊగేది పాపా, మీ చెయ్యా అని డాక్టరు అడుగుతున్నాడు. నా చెయ్యేలే. అది తేలిపోతే చాలు."

"అయితే ఇది తీసుకోండి. చేతి కుదుపంతా ఇదే దిగమింగుతుంది. తీసి చూడండి."

"బంగారూ, ఇలా నడిచి రామ్మా."

ఇద్దరూ తెర మీదికి వంగారు. గుమ్మం కదల్లేదు. వెనక వీధీ కదల్లేదు. పాప మాత్రం అడుగడుగుకీ ఊగుతూనే ఉంది.

"ఇది సరిగ్గా పట్టడం లేదన్నా. ఇంకాస్త ఖరీదైంది చూపించు."

దుకాణదారు లేవలేదు.

"ఏది కొన్నా ఇంతే సార్. ఇది బాగానే పనిచేస్తోంది."