బక్కయ్య కారు టేపు

మైలురాయి కాడ చింతచెట్టు ఉన్నది చూడుండ్రి, గొర్లు ఎండకు మాడతయి గని దాని నీడకు పోవు, కాపరి కొట్టినా పోవు. ఎందుకు పోవో చెప్త, సక్కగ కూసోండ్రి, మధ్యల లేచిపొయ్యెటోడు ఇప్పుడే పోవాలె. పోయినసారి సత్తెమ్మ కొడుకు సగం కథల లేచి పోయిండు, అది నాకు యాదికున్నది.

మన ఊర్ల బక్కయ్య అని ఒకడు కిరాయి కారు నడిపెటోడు. అండ్ల టేపు ఉండె, రేడియో వినొచ్చు, క్యాసెట్ ఏసుకోవచ్చు. బక్కయ్య ఆ టేపును చూసుకున్నట్టు ఈ ఊర్ల ఒక్కడు కూడ పెండ్లాన్ని చూసుకోలె, నవ్వకుండ్రి, ఆడోళ్లను అడుగుండ్రి నిజమో కాదో. క్యాసెట్ ఎండకు వంకరపోతదని గుడ్డల చుట్టి సీటు కింద పెట్టెటోడు. బండి బందు చేసేముందు క్యాసెట్ బయటికి తీసెటోడు, లోపట్నే ఉంచితే రబ్బరు చక్రం రీలును అదిమి నలుపుతదట. పుల్లకు దూది చుట్టి, స్పిరిటుల అద్ది, రీలు రాసుకుంట పోయే ఇనుప ముక్కను, హెడ్డు అంటరు దాన్ని, మెల్లగ తుడిచి, తడి ఆరేదాక ఏదీ ముట్టకుండ కూసునెటోడు. పలుకుతలేదని ఎవడన్న దాని మీద చేత్తోని కొడితే, నీ చెంప మీద కొడితే నువ్వు పలుకుతవా అని అడిగెటోడు.

ఆ బక్కయ్య ఒకనాడు మిట్టమధ్యాన్నం ఆ చెట్టు కింద కారు ఆపి సీట్ల ఒరిగిండు, మల్ల లేవలె. తమ్ముడు రాజలింగం ఉరికిపోయేటాల్లకు ఇంక కొస ప్రాణం ఉండెనట, టేపు పాడుతనే ఉన్నదట. అన్న చెయ్యి లేపి టేపు దిక్కు చూపించి, "తమ్మీ, దీన్ని..." అన్నడు. అంతే, చెయ్యి పడిపోయింది. దీన్ని ఏం చెయ్యాల్నో చెప్పకనే పోయిండు.

మూడోనాడు పిట్టకు పెట్టిన్రు. బువ్వ, కూర, కల్లు, బీడీలు అన్నీ ఆకుల పెట్టి దూరం జరిగిన్రు. కాకి వచ్చింది, కొమ్మ మీద కూసున్నది, దిగలె. కాకి ముట్టలేదంటే పోయినోని మనసుల కోరిక మిగిలినట్టే కదా, అది తీరుస్తమని మాట ఇయ్యాలె. పెండ్లాం కొమురవ్వ దండం పెట్టింది, రాజలింగం ముందుకొచ్చి వదినెను చూసుకుంట అన్నడు, ఇల్లు కప్పిస్త అన్నడు. కాకి మొకం తిప్పుకున్నది. ఇంకేమన్న చెప్పిండారా మీ అన్న, యాది చేసుకోరా అని పెద్దోళ్లు అడిగిన్రు. రాజలింగానికి టేపు సంగతి నాలిక కొసకు వచ్చింది. చెప్తే దాన్ని కూడ అన్నను పాతిన కాడనే పాతిపెట్టుమంటరు. పాటలున్న కారనే కదా పెండ్లోళ్లు కిరాయికి పిలుస్తుండె! ఏం చెప్పలే అన్నడు. ఇగ ఆ బువ్వ ఆవుకు పెట్టి ఇండ్లకొచ్చిన్రు. తప్పు చేస్తున్నరని నేను అప్పుడే అన్న, నా మాట ఎవలు పట్టించుకున్నరు?

ఆ తర్వాత కారు రాజలింగం నడిపిండు. మిర్చిబజ్జీలు తిన్న చేత్తోనే క్యాసెట్ ఏసుడు, అద్దం కాడ ఎండల పడేసుడు, బీడీ పొగ దాని మీదికే ఊదుడు, పలకకుంటే పిడికిలితోని గుద్దుడు. నన్ను ఉల్లిగడ్డ బస్తాల మీద కూసోబెట్టి సంతకు తీస్కపోయింది కూడ వీడే, సరే, అది ఇంకోనాడు చెప్త.

రాజలింగానికి జమున అని ఒక్కతే బిడ్డ. ఆ పిల్ల గొంతు ఎత్తిందంటే నాట్లేసే ఆడోళ్లు నడుము లేపి వినెటోళ్లు. ఏమైంది, టేపుల హెడ్డుకు మట్టి పట్టి పాట గరగర అన్ననాడు ఇంట్ల పిల్ల గొంతు గరగర అన్నది. జలుబన్నరు. బ్యాటరీ దిగి పాట సాగిననాడు, పిల్ల నాయినా అని పిలిస్తే ఆ మాట ఇంటి ముందటి నుంచి బాయికాడిదాక సాగింది. తల్లి భూదేవి దిష్టి తీసింది. ఇగ ఒకనాడు ఆ చింతచెట్టు కాడనే టేపు రీలును లోపటికి గుంజుకున్నది, రాజలింగం కోపంతోని ఏలు పెట్టి గుంజిండు, రీలు పుటుక్కున తెగింది. ఇంటికొస్తే పిల్ల గడపల నిలబడి నోరు తెరుస్తున్నది, మూస్తున్నది, ఊపిరి తప్ప ఏం వస్తలేదు.

దవాఖానలు తిరిగిన్రు, గొంతుల ఏ దోషం లేదన్నరు. తాయెత్తులు కట్టిన్రు. ఆఖరికి రాజలింగం కార్ల ఒక్కడే కూసోని, నువ్వొచ్చిన కాడికెల్లి ఇల్లు మునిగిందని టేపును ఫట్టున కొట్టిండు. వాకిట్ల ఆడుకుంటున్న పిల్ల కింద పడ్డది. ఉరికిపోయి చూస్తే చెంప మీద ఐదు వేళ్ల అచ్చు. ఎవలూ దగ్గర లేరు.

అప్పుడు తెలిసింది వానికి. దూది తెచ్చిండు, స్పిరిటు తెచ్చిండు, ఏడ్చుకుంట తుడిచిండు, అన్నా అన్నా అనుకుంట తుడిచిండు. పొద్దుగూకంగ జమున తల్లి కొంగు పట్టుకోని "అమ్మ" అన్నది. ఒక్క మాట. భూదేవి మొగని కాళ్లు మొక్కింది, రోజూ గిట్లనే తుడువు, మెల్లగ అన్ని మాటలు వస్తయి, తొందరపడకు అన్నది. వింటడా? కాకి ముట్టని బువ్వ వాని కండ్లల్ల తిరుగుతున్నది. అన్న సొమ్ము అన్నకే ఇచ్చేస్తే పీడ పోతది అన్నడు.

తెల్లారి మిట్టమధ్యాన్నం ఆ చెట్టు కాడికి కారు తీస్కపోయి, మరలు ఊడదీసే ఓపిక లేక, కొడవలితోని వైర్లు పటపట కోసి టేపును బయటికి పీకిండు. చెట్టు మొదట్ల పెట్టి పక్కన ఆకుల బువ్వ పెట్టి, అన్నా నీది నువ్వు తీసుకో అన్నడు. కాకి వచ్చింది. ఈసారి కొమ్మ మీద కూసోలే, నేరుగ దిగి మెతుకు మిగలకుండ తిన్నది. రాజలింగం దండం పెట్టి ఊపిరి పీల్చుకున్నడో లేదో, వైరు లేని, బ్యాటరీ లేని ఆ డబ్బా పాడవట్టింది. జమున గొంతు.

ఇంటికి ఉరికిండు. పిల్లకు ఆ ఒక్క "అమ్మ" కూడ పోయింది. చంకలేసుకోని చెట్టు కాడికి తెచ్చిండు. డబ్బా పాడుతుంటే పిల్ల పెదవులు దానితోటి కదిలినయి, ఒక్క మాట తప్పకుండ కదిలినయి. పాట అక్కడ, పెదవులు ఇక్కడ. రాజలింగం మట్టిల పడి తల కొట్టుకున్నడు, అన్నా ఇయ్యనన్నా, మల్ల ఇచ్చెయ్యన్నా అని. డబ్బాను తీస్కపోయి కార్ల బిగించిన్రు, కోసిన వైర్లు అతికించిన్రు, గరగర తప్ప ఏం రాలె. చెట్టు కింద పెడితేనే పాట.

దీన్ని సక్కగ చూసుకో అనే బక్కయ్య చెప్పబోయింది, పాతిపెట్టుమని కాదు. వాన్ని ఎరిగినోళ్లకు ఆ మాట చెప్పాల్నా? గని ఇచ్చినంక ఎవలైన తీసుకుంటరు, సచ్చినోడైతే ఇంక గట్టిగ పట్టుకుంటడు.

రాజలింగం ఉన్నన్ని రోజులు మధ్యాన్నం కాంగనే దూది, స్పిరిటు పట్టుకోని పోయెటోడు, డబ్బా మీద గొడుగు పెట్టి తను వానల తడిసెటోడు. అయినా తుప్పు ఆగుతదా? పాట సాగింది, మాటకు మాటకు నడుమ ఊపిరి పెరిగింది, అట్లనే ఒక వానకాలం ఆగిపోయింది. పక్క ఊర్ల కోడలుగ ఉన్న జమునను చూడుండ్రి, ఇప్పటికి చేతులతోనే మాట్లాడుతది, పిల్లలను జోకొట్టేటప్పుడు పెదవులు మాత్రం కదుపుతది.

బక్కయ్య పట్టుకున్న ఆ గొంతు ఇంక ఆ చెట్టు కిందనే ఉన్నది, మనకు వినపడకున్నా గొర్లకు ఎరుకైతది. అటు పోకుండ్రి. చింతపండు కావాల్నంటే సంతల దొరుకుతది.