పొట్టేలు బొమ్మ

మాదాపూర్‌లో గాజు భవనం లేస్తున్న వైపు, ఒక రేకుల షెడ్డులో ఆదివారం బడి. 1998 జూలై, మంగళవారం సాయంత్రం. బడి నడిపే పుణ్యవతి టీచరు ముందు, గేటు కాపలా యూనిఫాం విప్పకుండానే వచ్చిన నర్సింహ నిలబడ్డాడు. అతని పెద్ద కూతురు, తొమ్మిదేళ్ల రోహిణి, బయట చూరు కింద, లోపలి మాటలు వినబడేంత దగ్గర్లోనే ఆగిపోయింది.

"కూసోనీకి రాలే టీచరమ్మా. గదొక్కటి చెప్పుండ్రి. ఆదివారం నాడు పిల్లకు ఏం చెప్పిన్రు?"

"బైబిలు కథేనండీ. అందరికీ చెప్పినట్టే దానికీ చెప్పాను."

"కన్నతండ్రి కొడుకును కట్టేసి కత్తి ఎత్తిండని చెప్పిన్రట."

"చెప్పాను. అబ్రాహాము కథ. దేవుడు అడిగాడు, ఆయన కాదనలేక కొడుకుని కొండ మీదికి..."

"నా బిడ్డ నా పక్కన పండుతలేదు. మొన్నటిదాంక నా మీద చెయ్యేస్తే గాని నిద్ర పోకపోయేది. నిన్న ఉల్లిగడ్డ కోద్దామని కత్తి పట్టిన. లేచి వాకిట్లకు పోయి నిలబడ్డది. వాళ్లమ్మ పోయి చెయ్యి పట్టుకొస్తేనే లోపలికొచ్చింది."

"అయ్యో. అంత భయపడిందా? పెద్దపిల్లేగా, తట్టుకుంటుందనుకున్నాను."

"మరి ఆకరికి ఏమైందో చెప్పిన్రా?"

"చెప్పలేదండీ. అక్కడే ఆపాను."

"ఎక్కడ?"

"కత్తి ఎత్తిన దగ్గర. మిగతాది వచ్చే ఆదివారం అన్నాను. నేనెప్పుడూ అంతేనండీ, సగంలో ఆపుతాను. అలా ఆపితేనే మళ్లీ వారం వస్తారు. లేకపోతే సగంమంది గోళీలాటకి పోతారు."

"చిన్నది స్వరూపకు ఏం భయం లేదు. అది గూడ మీ దగ్గరికే వచ్చె."

"స్వరూపకి కథ చెప్పలేదు. ఆరేళ్ల పిల్లకి కత్తులూ కట్టెలూ ఎందుకని, చిన్నవాళ్లని అటు మూల కూర్చోబెట్టి, రంగులేసుకొమ్మని పొట్టేలు బొమ్మలిచ్చాను. కథ ఆఖర్న వచ్చేది ఆ పొట్టేలే. వయసుని బట్టి చెప్పాలి కదండీ. చిన్నవాళ్లకి ముగింపు ఇచ్చాను, పెద్దవాళ్లకి భయం ఇచ్చాను. తప్పు నాదే. రోహిణిని పిలవండి, మిగతాది ఇప్పుడే చెప్పేస్తాను. రెండు నిమిషాల్లో మామూలైపోతుంది."

"జర ఆగుండ్రి."

"ఎందుకు?"

"ఏం లేదు. జర ఆగుండ్రి."

"ఇంకేమైనా అడిగిందా మిమ్మల్ని?"

"అడిగింది."

"ఏమని?"

"నాయినా, నన్ను గూడ ఎవరికన్న ఇస్తనన్నవా, అని."

"చూశారా, పిచ్చిపిల్ల. లేదని చెప్పేస్తే పోయేది. చెప్పారా?"

"ఈసారి వానలు గట్టిగనే పడుతున్నయి టీచరమ్మా."

"నేనడిగింది వాన గురించి కాదు నర్సింహా."

"శుక్రారం కూకట్‌పల్లికి తోల్కపోతనని చెప్పిన. బోనాలు చూపిస్తనన్న. బోనాలు లేవు, ఏం లేవు. మా సైటు సారు ఇల్లున్నదక్కడ. పసిపిల్ల ఉన్నది ఆయింట్ల, ఎత్తుకోనీకి మనిషి కావాల్నట. అక్కడనే ఉండాలె."

"ఎన్నాళ్లు?"

"ఆ పసిపిల్ల నడిచేదాంక. ఇంక ఆపైన కూడనేమో."

"బడి?"

"పంపుతమన్నరు."

"అన్నారు సరే, పంపుతారా?"

"అన్నరు టీచరమ్మా. నేను రాళ్లు కొట్టెటోన్ని. గుట్ట పాయె, పని పాయె. ఊకనే తిరుగుతుంటే సారు పిలిచి గేటు కాడ నిలవెట్టిండు. అట్లాంటి మనిషి నోరు తెరిచి అడిగిండు, ఇద్దరు ఆడపిల్లలున్నరు గద, ఎవర్నన్న ఒకర్ని పంపు అని. ఎట్ల కాదంటం? మీ కథల పెద్దమనిషి కాదన్నడా?"

"ఆయన్ని అడిగింది దేవుడండీ."

"నాకు గేటు కాడ సారే దేవుడు."

"నా కథ వల్ల భయపడిందనుకున్నాను. అది భయపడింది మీరు దాచిన దానికి. ఎందుకో చెప్పకుండా తీసుకెళ్తున్న తండ్రి అనగానే దానికి మీరే కనబడ్డారు. తొమ్మిదేళ్ల పిల్ల, నర్సింహా. దాన్ని ఎలా పంపుతారండీ?"

"నాకు మాత్రం సంబురమా?"

"అయితే పంపకండి."

"పని పోతే?"

"మా ఆయన్ని వెళ్లి మాట్లాడమంటాను. పోతే పోనివ్వండి అనడం నాకు తేలికే, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఇప్పుడు పంపిస్తే, అది మళ్లీ ఎప్పటికైనా మీ పక్కన పడుకుంటుందా?"

"పండదు."

"మరి?"

"ఏమో టీచరమ్మా, మస్తు పరేషాన్ చేస్తున్నరు. సరే. రేపు పొద్దుగాల సారు రాంగనే చెప్త. రోహిణి రాదని చెప్త."

"మాటేనా?"

"మాటే."

"రోహిణీ, లోపలికి రామ్మా. తడిశావా? ఇలా నాన్న పక్కన కూర్చో. కథ మిగతాది చెప్తాను."

"వచ్చే ఆదివారమన్నరు గద టీచర్."

"నీకు ఇప్పుడే చెప్తాను. కత్తి ఎత్తాడు కదా, అప్పుడు పైనుంచి దేవదూత పిలిచి, అబ్బాయి మీద చెయ్యి వెయ్యొద్దు అన్నాడు. తండ్రి తలెత్తి చూస్తే పొదలో కొమ్ములు తగులుకుని ఒక పొట్టేలు. వెంటనే కట్లు విప్పేశాడు. ఇద్దరూ ఇంటికొచ్చేశారు. మీ నాన్న కూడా నిన్ను ఎక్కడికీ పంపరు. ఇప్పుడే నాకు మాటిచ్చారు."

"నిజంగనా నాయినా?"

"నిజంగనే బిడ్డా. రేపు సారుకు చెప్త."

"టీచర్, పొట్టేలును ఏం చేసిన్రు?"

"దాన్నా... దాన్ని కొడుకు బదులు ఇచ్చేశారమ్మా."

"అది ఒప్పుకున్నదా?"

"పొట్టేలు కదా. దాన్ని ఎవరూ అడగలేదు."

"అయితే ఎవరో ఒకరు పోవాలె."

"కథలో అంతేలే. ఇక భయం పోయిందిగా? చీకటి పడేలోపు నాన్నతో ఇంటికి వెళ్లు."

"పొట్టేలు బొమ్మ స్వరూపకిచ్చిన్రు గద టీచర్. పసుపు రంగేసి గోడకు అంటిచ్చుకున్నది. నాయినా, రేపు సారుకు ఏం చెప్పకు. శుక్రారం నేనే వస్త."