నలభై ఒకటో నంబరు కారు, ఐదు రౌండ్లు

నా పేరు, ఇంటి చిరునామా పైన రాసుకున్నారు. ఆ పేరుతో పిలిస్తే నేను వెంటనే పలకను. ట్రాక్ దగ్గర అందరూ నన్ను చక్కిలిగింత అంటారు. వయసు నలభై తొమ్మిది. ఏడో తరగతి సగంలో బడి మానేశాను. ఊరి బయట రేసు ట్రాక్‌లో పదకొండేళ్లుగా టైర్లు విప్పి బిగించే పని చేస్తున్నాను. నా మీద ఇంతకుముందు కేసులు లేవు. ఫిర్యాదులున్నాయి గానీ అవి స్టేషన్ దాకా రాలేదు.

కార్ల కంపెనీ మేనేజరు ఇచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. అందులో "ఇద్దరు వ్యక్తులు కారు దొంగిలించి నడిపారు" అని ఉంది. ఆ రెండో వ్యక్తి మా బావ, అంటే మా అక్క భర్త. ఆయనకి అరవై ఏళ్లు. ఆ కారు ఆయన కోసం చేసిన కారు. తన కారు తనెలా దొంగిలిస్తాడో ఎవరైనా నాకు చెప్పాలి. అదే అడిగితే హెడ్ కానిస్టేబుల్ గారు, "అడగడం మా పని, చెప్పడం నీ పని" అన్నారు. సరే, చెప్తాను.

ఆ కంపెనీ చిన్నది. రెండు సీట్లు, పైన కప్పు లేని స్పోర్ట్స్ కారు ఒక్కటే చేస్తుంది, అదీ చేత్తో బిగించి. మొత్తం అరవై కార్లే చేస్తామని, ఎవరు కాళ్లు పట్టుకున్నా అరవై ఒకటోది చేయబోమని చెప్పారు. బావ తన డ్రైవింగ్ స్కూలు అమ్మేసి నలభై ఒకటో నంబరు రాయించుకున్నాడు. ఆరు నెలల్లో చేతికిస్తామన్నారు. ఈ నెలతో రెండేళ్ల నాలుగు నెలలు.

బావకి ఈ వయసులో ఈ పిచ్చేంటని మీ రైటరు గారు నవ్వారు. బావ ముప్పై ఒక్క ఏళ్లు కారులోనే బతికాడు గానీ, పక్క సీట్లో. కాలి కింద రెండో బ్రేకు, చూపు ఎప్పుడూ పక్కవాడి చేతుల మీద. ఊళ్లో సగం మందికి ఆయనే నేర్పాడు. మీ జీపు డ్రైవరుకీ ఆయనే నేర్పాడు, పిలిచి అడగండి. స్కూలు అమ్మిన రోజు అక్కతో, "ఇన్నాళ్లూ అందరి కాళ్లకీ భయపడి బతికానే. ఇక ఒక్క బండి నా కాళ్లతో నేనే నడుపుతాను" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, విన్నాను.

మొదట రంగు ఆరలేదన్నారు. తర్వాత సీటు తోలు సరిగ్గా రాలేదన్నారు. తర్వాత గేర్ల పెట్టె ఓడలో వస్తోందన్నారు. ఆ ఓడ ఐదు నెలలు వచ్చింది. "మధ్యలో దిగి స్నానాలు చేసి వస్తోందా అండీ" అని నేనే ఫోన్ చేసి అడిగాను. అది వచ్చాక మళ్లీ రంగు దగ్గరికి వచ్చారు.

ఈలోగా పోయిన ఏడాది బావకి చూపు అంచుల నుంచి తగ్గడం మొదలైంది. ఎదురుగా ఉన్నది బాగానే కనిపిస్తుంది. పక్కనున్నది చూడాలంటే తల మొత్తం తిప్పాలి. పగటిపూట నడపడానికి ఇప్పటికీ ఆయనకి లైసెన్సు ఉంది, దాని కాపీ మీకిచ్చాను. ఈ నెల 26న మళ్లీ కంటి పరీక్ష. డాక్టరమ్మ దాచకుండా చెప్పింది, ఈసారి గట్టెక్కడం కష్టం, ఆ తర్వాత స్టీరింగ్ ముట్టుకోకూడదు అని. బావ ఆ డాక్టరు కాగితం పట్టుకుని స్వయంగా మేనేజరు దగ్గరికి వెళ్లాడు. మేనేజరు దాన్ని జిరాక్సు తీయించుకుని, "తప్పకుండా చూస్తాం సార్" అన్నాడు. ఆ జిరాక్సు వాళ్ల ఆఫీసులోనే ఉంటుంది. వెతికించండి.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. ఎవరూ అడగలేదు గానీ చెప్తాను. పోయిన ఏడాది ఒక శనివారం నేను మేనేజరు గొంతుతో బావకి ఫోన్ చేసి, "మీ కారు సిద్ధం సార్, నాలుగింటికి రండి" అన్నాను. నేనలాంటివి చేస్తుంటాను. బావ క్షవరం చేయించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్కని వెంటబెట్టుకుని వెళ్లాడు. నేను చూసి నవ్వుదామని రోడ్డుకి ఇవతల నిలబడ్డాను. ఆ రోజు కంపెనీకి సెలవు. గేటు మూసి ఉంది. ఇద్దరూ ఆ గేటు ముందు నాలుగు నుంచి ఆరు దాకా నిలబడ్డారు. నాకు నవ్వు రాలేదు, రోడ్డు దాటే ధైర్యమూ రాలేదు. మూడు రోజుల తర్వాత ఒప్పుకున్నాను. అక్క నెల రోజులు నాతో మాట్లాడలేదు. బావ మాత్రం, "గొంతు బాగా దించావురా" అన్నాడంతే. అప్పటి నుంచి కారు గురించి నేనేం చెప్పినా ఆ ఇంట్లో నమ్మరు.

ఇంకో సంగతి కూడా రాయండి, కేసుకి ఇదే ముఖ్యం. ఆ కంపెనీకి ఒక ఆచారముంది. రంగు వేయకముందు కొన్న మనిషిని పిలిచి, ఉత్త రేకు మీద, పైకి కనిపించని చోట సంతకం పెట్టిస్తారు. దాని మీద గాజులాంటి పూత పూస్తారు, చెరిగిపోదు. బావ సీటు కింద పెడతానన్నాడు. "చక్రం గూట్లో పెట్టు బావా, టైరు విప్పినప్పుడల్లా నీ దర్శనం అవుతుంది" అన్నాను. ముందు వైపు చక్రం గూట్లో పెట్టాడు. ఆయన అటు తిరగ్గానే అదే పెన్నుతో పక్కన ఒక గాడిద బొమ్మ గీశాను. దానికి బావ కళ్లజోడు పెట్టి, మెడలో ఎల్ బోర్డు వేశాను. కంపెనీ వాళ్లు చూసుకోకుండా దాని మీద కూడా పూత పూసేశారు.

ఈ నెల 12, మంగళవారం, ఉదయం 8 గంటలకు కంపెనీ వాళ్లు ఒక ఎర్ర కారు ట్రాక్‌కి తెచ్చారు. కార్ల పత్రికల వాళ్లు ఆరుగురు వచ్చారు, నడిపి చూసి రాయడానికి. ఒక్కొక్కరికి ఆరు రౌండ్లు. దిగిన ప్రతివాడికీ కాఫీ, మెడలో కంపెనీ పేరున్న పట్టీ, చేతిలో కానుకల సంచీ. ఒకాయన హెల్మెట్ తీసి, "ఈ స్టీరింగ్ నాతో మాట్లాడుతోందండీ" అన్నాడు. "మా బావ గురించి ఏమైనా చెప్పిందా అండీ" అన్నాను. అప్పటికి సరదాకే అన్నాను. అది ఏ కారో నాకింకా తెలియదు.

10 గంటల 40 నిమిషాలకు, ముందు వైపు టైర్లు మార్చమన్నారు. జాకీ ఎత్తి చక్రం విప్పాను. గూట్లో బురద తుడిచి టార్చి వేశాను. కళ్లజోడు గాడిద నా వైపు చూస్తోంది. పక్కన బావ సంతకం.

మీటరు చూశాను. 4,312 కిలోమీటర్లు. రంగు ఆరని బండి నాలుగు వేల మూడు వందల పన్నెండు కిలోమీటర్లు తిరిగింది.

కంపెనీ మెకానిక్‌ని అడిగాను. "నన్నడక్కన్నా, ఏడాది నుంచీ డెమోకి ఇదే వాడుతున్నాం" అన్నాడు, నా మొహం చూడకుండా. మేనేజరు దగ్గరికి వెళ్లాను. మా మధ్య జరిగిన మాటలు ఇవి.

"ఇది నలభై ఒకటో నంబరు కదా సార్."

"అయితే?"

"పెయింటు షాపులో ఉందన్నారు."

"టెస్టింగ్ అయ్యా. కస్టమరు మంచికే. చివర్లో మళ్లీ రంగు కొట్టి కొత్తదానిలా ఇస్తాం."

"చివరంటే ఎప్పుడు సార్? ఆయనకి 26న కంటి పరీక్ష."

"నువ్వు టైర్ల వాడివి. టైర్లు చూసుకో."

నేను వెళ్లి టైర్లు చూసుకున్నాను. బిగించాక, నా అలవాటు ప్రకారం, సుద్దముక్కతో టైరు మీద టైము, రౌండ్లు రాశాను. వెనక టైర్ల మీద అప్పటికే నేను రాసి ఉన్నాను, పద్దెనిమిది రౌండ్లు అని. ఫిర్యాదులో వెనక టైర్లు మేం పాడుచేశామని ఉంది. ఆ సుద్దరాత ఇంకా ఉంటే చూడండి. వాటిని కాల్చింది కాఫీలు తాగిన వాళ్లు.

11 గంటలకు బావకి ఫోన్ చేశాను. జన్మలో నేను ఆయన్ని గారు అనలేదు. ఏమోయ్ బావా అనే అంటాను. ఆ రోజు, "బావగారూ, మీరొకసారి ట్రాక్ దగ్గరికి రండి" అన్నాను.

బావ వెంటనే, "ఎవరికేమైందిరా?" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. 12 గంటల 25 నిమిషాలకు అక్కా, ఆయనా ఆటోలో దిగారు. అక్క రావడం రావడమే, "ఇది కూడా నీ వెధవ్వేషమైతే ఈ గేటు దగ్గరే నిన్ను పాతేస్తాను" అంది.

అప్పుడు పత్రికల వాళ్లూ, మేనేజరూ హాల్లో భోజనాలు చేస్తున్నారు. ట్రాక్ ఖాళీ. బావని కారు దగ్గర కూర్చోబెట్టి, చక్రం పక్క సందులోంచి టార్చి వేసి చూపించాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని తల అటూ ఇటూ తిప్పి చూశాడు. సంతకం చూశాడు. గాడిదని చూశాడు. నేను తిట్లకి సిద్ధమయ్యాను. "ఎల్ బోర్డు తిరగేసి రాశావు, వెధవా" అన్నాడు. తర్వాత మీటరు చూశాడు. దాని గురించి ఏమీ అనలేదు. అక్క అంది. అక్క అన్నవి ఇక్కడ రాయించను.

బావ నెమ్మదిగా, "నడపనిస్తారంటావా?" అన్నాడు.

నేను హాలు వైపు వెళ్లాను. లోపలికి వెళ్లలేదు. గోడ పక్కన రెండు నిమిషాలు నిలబడి తిరిగొచ్చాను. "మేనేజరు సరేనన్నాడు, భోజనాలయ్యేలోగా ఐదు రౌండ్లు" అన్నాను.

"నిజమేనా?"

"నిజమే బావగారూ."

ఆ గారు విని నమ్మాడు. జన్మలో రెండోసారి వాడాను, అబద్ధానికి వాడాను. తాళం చెవి మేం టైర్లు మార్చే పిట్ దగ్గర బోర్డుకి వేలాడుతోంది, నేనే తీశాను. ట్రాక్ గేటు దగ్గర మనిషికి కూడా అదే అబద్ధం చెప్పి తెరిపించాను. ఆ గేటు మనిషిని పనిలోంచి తీసేశారని విన్నాను. అది అన్యాయం, అదీ రాయండి.

12 గంటల 50 నిమిషాలకు బావ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను పక్క సీట్లో. ఇద్దరం హెల్మెట్లు పెట్టుకున్నాం. ఆయన సీటు సర్దాడు, అద్దాలు సర్దాడు, బెల్టు లాగి చూశాడు, నా బెల్టు కూడా లాగి చూశాడు. మేం తప్ప మనిషి లేని ట్రాక్‌లోకి ఇండికేటరు వేసి దిగాడు.

మొదటి రౌండు మా అక్క నడక కన్నా నెమ్మది. రెండో రౌండులో గేర్లు తెలుసుకున్నాడు. "క్లచ్చి గట్టి. బ్రేకు పై అంగుళంలోనే పట్టేస్తోంది, మంచిదే" అన్నాడు. ఇంజను మా వీపుల వెనకే ఉంది, దాని వేడి చొక్కాలోకి వస్తోంది. కింద గులకరాయి ఉంటే నడుముకి తెలుస్తుంది. మూలల దగ్గర ఆయనకి లోపలి అంచు కనిపించదు కాబట్టి నేను చెప్తున్నాను, "అంచు రెండు గజాలు, గజం, ఇప్పుడు తిప్పు." నేను చెప్పినంతే తిప్పాడు, ఆయన తిప్పినంతే బండి తిరిగింది. మూడో రౌండులో నా కాలు అదేపనిగా నేలని తొక్కుతోంది. ఆయన గమనించి, "అక్కడ బ్రేకు లేదురా. ముప్పై ఒక్క ఏళ్లు నా బాధ ఇదే" అన్నాడు.

నాలుగో రౌండు, పొడవాటి తిన్నని దారిలో నూట అరవై ఎనిమిది కిలోమీటర్ల వేగం. ఆ దారిలో ఆయనకి పక్క చూపు అక్కర్లేదు, అంతా ఎదురుగానే ఉంది. ఆయన నవ్వలేదు, అరవలేదు. "ఈ బండి అబద్ధం చెప్పదురా" అన్నాడు. నేను మీటరు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఐదో రౌండు చివర మేనేజరు చేతులు ఊపుకుంటూ ట్రాక్ అంచుకి పరిగెత్తుకొచ్చాడు. బావ ఇండికేటరు వేసి, గీతల మధ్య ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి దిగాడు. ఎక్కడా ఒక్క కోను తగల్లేదు. మేనేజరు నోరు తెరిచేలోగా బావ ఆయన రెండు చేతులూ పట్టుకుని, "చాలా థాంక్సండీ. ఆలస్యమైతే అయింది గానీ, మనసున్న మనిషి మీరు" అన్నాడు.

మేనేజరు నా వైపు చూశాడు. 1 గంట 20 నిమిషాలకు మీకు ఫోన్ చేశాడు.

ఇప్పుడు ఆ కారు కేసు సొత్తు అని మీ ఆవరణలో, విరిగిన మోటారు సైకిళ్ల పక్కన, టార్పాలిన్ పట్టా కింద ఉంది. కాగితాలింకా కంపెనీ పేరు మీదే ఉన్నాయి కాబట్టి బావకి ఇవ్వడం కుదరదన్నారు. నిన్న మేనేజరు అక్కకి ఫోన్ చేసి, ఇద్దరూ క్షమాపణ రాసిస్తే కేసు వెనక్కి తీసుకుంటాం, బండి వచ్చే మూడు నెలల్లో ఇస్తాం అన్నాడు. వచ్చే మూడు నెలల్లో. ఇవాళ 14. మధ్యలో ఉన్నవి పన్నెండు రోజులు.

రైటరు గారు నా మంచికే ఒక మాట చెప్పారు. అనుమతి ఉందనుకున్నానని వాదిస్తే నేను బయటపడొచ్చట. కానీ వాదన తేలేదాకా బండి సాక్ష్యంగా ఇక్కడే ఉంటుందని కూడా ఆయనే చెప్పారు. అందుకని నేను వాదించడం లేదు. అనుమతి లేదని నాకు తెలుసు. తాళం తీసింది నేను. అబద్ధం చెప్పింది నేను. బావ నమ్మి ఎక్కాడు. ఇక ఆ బండి చేత రుజువు చేయించాల్సింది ఏమీ మిగల్లేదు. నన్నేం చేస్తారో చేయండి. మేజిస్ట్రేటు గారి ముందు కూడా ఇదే చెప్తాను. ఆ కారు మాత్రం 26 లోపల దాని మనిషికి ఇప్పించమని రాయండి. అక్షరాలు కొంచెం పెద్దవిగా రాయండి.

ఇది ఎవరూ బెదిరించకుండా, ఎవరూ చెప్పించకుండా నా నోటితో నేను చెప్పింది. రైటరు గారు మొత్తం చదివి వినిపించారు. ఒకచోట "ఇద్దరం కలిసి తాళం తీశాం" అని రాశారు. అది కొట్టించి "నేనొక్కడినే తీశాను" అని దిద్దించాను. దిద్దిన చోట ఒక సంతకం, ఇక్కడ ఒక సంతకం పెట్టాను.

(సంతకం)
14వ తేదీ, ఉదయం 11 గంటల 35 నిమిషాలు