దీనమ్మకు నేను చెప్పిన దొంగ వాక్యాలు

“తాతా, అమ్మమ్మ ముంగట నువ్వు చర్చిల లేచి సాక్ష్యం చెప్తే అందరు నవ్విండ్రట గదా. గదేందో సక్కగ చెప్పరాదు. ఫోన్ల రికార్డు పెట్టిన.”

పెట్టినవా? ఎర్రగ మెరుస్తున్నది, గదేనా? సరె. జర నీళ్లియ్యి ముందుగాల్ల.

నవ్విండ్రు బిడ్డ, నవ్వక ఏం జేస్తరు. మీ అమ్మ సుత నవ్వింది, కొంగు నోట్లె కుక్కుకొని. నేను తప్పు ఒప్పుకుంటున్న, వీళ్లకేమో నవ్వు. గని గది చెప్పాల్నంటే మీ అమ్మమ్మ దీనమ్మ కాడికెళ్లి మొదలువెట్టాలె. లేకపోతె నీకు సమజ్ గాదు.

నాది అమీర్‌పేటల టైలర్ షాపు. షాపంటే ఏమున్నది, మెట్ల కింద ఒక మిషిను, ఒక స్టూలు. ఇప్పుడు గాడ కంప్యూటర్ కోచింగోళ్ల బోర్డులు, ఒకదాని మీద ఒకటి, బిల్డింగే కనవడదు. గప్పుడు గట్ల లేకుండె. దవాఖాన నర్సులందరు యూనిఫాంలు నా కాడనే కుట్టిచ్చుకునేటోళ్లు. జతకు పన్నెండు రూపాలు. కాదు కాదు, పన్నెండు తర్వాత అయింది, ముందుగాల్ల తొమ్మిదే. ఒకనాడు మీ అమ్మమ్మ వచ్చి యూనిఫాం తెచ్చి నా మొకాన కొట్టింది. కొట్టలేదులే, బల్ల మీద వడేసింది. “ఏమయ్య, గీ జేబుల ఏం పడ్తది? కత్తెర పడ్తదా, థర్మామీటర్ పడ్తదా? రోగి పానం మీదికొస్తే నేను జేబుల దేవులాడుకుంట నిలవడాల్నా?” అన్నది.  రెండు జేబులు పెద్దగ కుట్టి ఇచ్చిన, పైసలు తీసుకోలె. ఇగ తర్వాత ఆర్నెల్లకు పెండ్లి. ఆమె కిరస్తానం, మేము సుత కిరస్తానమే, గని ఆమెది గట్టి కిరస్తానం, నాది పేరుకు. పండుగకు కొత్తంగి తొడుక్కునే కిరస్తానం నాది.

ఎంత పనిమంతురాలో ఏం చెప్పాలె. పొద్దున డ్యూటీ ఉంటే ఐదింటికే లేచి అన్నం, కూర, మీ అమ్మ డబ్బ, నా డబ్బ, అన్నీ చేసి పోయేది. మీ అమ్మకు జడ ఎంత గట్టిగ అల్లేదంటే, పిల్ల కండ్లు పైకి గుంజుకపోయేటియి. అన్నీ అయినంక మోకాళ్ల మీద కూసోని ప్రార్థన. రోగుల పేర్లు యాదికుండవు గదా, మంచం నంబర్లు చెప్పేది. “ప్రభువా, పదకొండో నంబరుకు జొరం దించు, నాలుగో నంబరుకు కొడుకు సూడనీకి వచ్చెటట్టు చెయ్యి” అని. మీ అమ్మ చిన్నప్పుడు మోక్షంల సుత మంచాలకు నంబర్లుంటయనుకునేది. నేను నవ్వేది. దీనమ్మకు కోపమొచ్చేది. “నవ్వు, నవ్వు, నీకు నంబరు పడ్డనాడు తెలుస్తది” అనేది.

ఆఁ, ఏడున్న? ఐతారం డ్యూటీ. దవాఖానకు ఐతారం ఉంటదా బిడ్డ? చిన్నపిల్లలున్న నర్సులు వచ్చి, “సిస్టర్, గీ ఒక్క ఐతారం నువ్వు చెయ్యవా” అంటే సరె అనేది. గా ఒక్క ఐతారం ఎన్నడు ఒక్కటి కాలె. నెలల నాలుగు ఐతారాలు ఆమెనే. చర్చికి పోలేకపోయేది. నాకు పని వెట్టింది. “నువ్వు పో, అయ్యగారి వాక్యం మంచిగ విను, నాకు వచ్చి చెప్పు. నాకు గదే ఆరాధన” అన్నది. వాక్యమంటే తెలుసు గదా, చర్చిల పాస్టరయ్య చెప్పే ప్రసంగం.

పోయిన. మొదటి రెండు మూడు ఐతారాలు ఖరారుగ పోయిన. గని శనారం అంత మిషిను తొక్కీ తొక్కీ ఉంటి, అయ్యగారు మైకు వట్టిండంటే నాకు నిద్ర. ఒకనాడు పాటల పుస్తకం చేతులకెళ్లి జారి దభేల్‌మన్నది. అయ్యగారు ఆపిండు. సంఘం మొత్తం మల్లి సూసింది. సిగ్గుతోని సచ్చిపోయిన. ఆ తర్వాతి ఐతారం మీ అమ్మను సండే స్కూల్ల దింపి, ఒక్క చాయ్ తాగి లోపలికి పోదామని రోడ్డు దాటి ఈరాని హోటల్ల కూసున్న. పంజాగుట్ట చౌరస్త కాడుండె, ఇప్పుడు లేదు, మెట్రో పిల్లర్ కాడికెళ్లి జర ఇటు. ఒక్క చాయ్ ఏడికెళ్లి ఒక్కటైతది? గంటన్నర అయింది. సండే స్కూల్ విడిశిండ్రు.

గాడ హబీబ్ భాయ్ అని ఉండె. గడియారాలు బాగుచేసెటోడు, బోరబండల ఇల్లు. నోరు తెరిస్తే ముచ్చట్లే. ఆ పొద్దు ఆయన వాళ్లమ్మ గురించి చెప్పిండు. నీళ్ల ట్యాంకర్ వస్తే ఆమె ముందుగాల్ల పక్కింటోళ్ల బిందె పెట్టేదట. ఎందుకమ్మా అని అడిగితే, “నా బిందె నిండితే నా ఇల్లొక్కటే నాది. పక్కోళ్ల బిందె ముందు నిండితే రెండిండ్లు నాయే” అన్నదట.

మధ్యాహ్నం దీనమ్మ డ్యూటీ దిగొచ్చింది. కాళ్లు ఉబ్బి ఉండె. ఉప్పు నీళ్లల్ల కాళ్లు వెట్టుకోని కూసోని, “ఏం చెప్పిండు అయ్యగారు?” అన్నది.  పోలె అని చెప్పొచ్చు గదా, కొంపేం మునుగుతుండె? చెప్పలె. నోటికొచ్చింది చెప్పిన. “ఒకూరిల ఒక ముసలామె ఉండెనట, బావి కాడ...” అని ట్యాంకర్‌ను బావి చేసిన, బోరబండను యూదయ చేసిన. ఆమె కండ్లు మూసుకోని విన్నది. “ఎంత మంచి వాక్యం” అన్నది. నోట్‌బుక్‌ల రాసుకున్నది సుత.

గట్ల పడ్డది నాకు అలవాటు. ఒక్క తాప కాదు బిడ్డ, ముప్పై ఏండ్లు. ఐతారమొస్తే హోటలు, హబీబ్ భాయ్, చాయ్, బిస్కట్. మధ్యాహ్నం వాక్యం. ఆయన ఒకసారి గడియారం ముచ్చట చెప్పిండు. “ఆగిన గడియారాన్ని అందరు ఊపుతరు మియా. ఊపొద్దు. అది ఇరగలె, లోపల దుమ్ము వడ్డది. తెరిశి, తుడిశి, జరసేపు ముట్టకుండ వదిలెయ్యాలె, అదే నడుస్తది” అని. గది సుత నేను దేవుడు చెప్పినట్టు చెప్పిన. వారం తిరగక ముందే దీనమ్మ దవాఖానకెళ్లి సంబురంగ వచ్చింది. కాలు తీసేసిన పిల్లగాడొకడు వారం నుంచి తింటలేడట, మొకం గోడ దిక్కు తిప్పుకోని పండుకున్నడట. ఈమె పోయి గా గడియారం వాక్యం చెప్పిందట. చెప్పి, ఊపకుండ ఊకె పక్కన కూసున్నదట. పొద్దుమీకి అన్నం తిన్నడట. “దేవుని మాట పని చేసిందయ్యా!” అని ఏడ్చింది.  హోటల్ మాట గదే, నేనేం చెప్పాలె?

క్రిస్మస్‌కు లీవు దొరికితే చర్చికొచ్చింది. వచ్చి సక్కగ పాస్టరయ్య కాడికి పోయింది. “అయ్యగారు, మీరు చెప్పిన గడియారం వాక్యం ఒక పానం నిలవెట్టింది” అన్నది. నేను ఎనుక నిలవడ్డ, పై పానాలు పైన్నే పోయినయ్. అయ్యగారు ఆమె దిక్కు సూసిండు, నా దిక్కు సూసిండు, గొంతు సవరించుకోని “దేవునికే మహిమ” అన్నడు. గంతే! బతికిపోయిన. గని బతికినట్టు లేదు. గప్పటికెళ్లి నా ఎదల బండ.

రిటైరైనంక ఆమెనే ప్రతి ఐతారం నాతోని చర్చికొచ్చింది. నాలుగు వారాలు విని ఏమన్నదో తెలుసా? “పాపం, అయ్యగారు ముసలోడైపోయిండు, మునుపటి లెక్క చెప్తలేడు.” నవ్వుతున్నవా? నవ్వు. నాకు నవ్వు రాలె.

తర్వాత గుండె జబ్బు బయటపడ్డది. ఆపరేషన్ అన్నరు, బేగంపేట దిక్కు దవాఖానల చేర్పిచ్చినం. ఆపరేషన్ నాడు పొద్దుగాల్ల మంచం మీద కూసోని సంచికెళ్లి నోట్‌బుక్‌లు తీసింది. మూడు లావు నోట్‌బుక్‌లు. “నాకేమన్న అయితే గివి అయ్యగారికియ్యి. ఆయన వాక్యాలే గదా, అచ్చేయిస్తడు. నర్సులకు పనికొస్తయి” అన్నది.

ఇగ నా వల్ల కాలె. గా మనిషి నా అబద్ధం నెత్తిన వెట్టుకోని లోపలికి పోతదా? తిరిగి రాకపోతే నేనెవనికి చెప్పాలె? మంచం పట్టుకోని మొత్తం చెప్పేసిన. హోటలు, చాయ్, హబీబ్ భాయ్, అన్నీ. ఆమె మొకం ఎర్రగయింది. “పానం పోయెటోళ్లకు చెప్పిననయ్యా నేను” అన్నది. “సచ్చిపోయెటోళ్ల చెయ్యి పట్టుకోని దేవుని మాట అని చెప్పిన. నా నోటితోని నీ హోటల్ ముచ్చట్లు చెప్పిచ్చినవా?” అన్నది. గంతల నర్సొచ్చి బీపీ సూసింది, డాక్టర్‌ను పిలిశింది. బీపీ రెండింతలైందని ఆపరేషన్ తెల్లారికి వాయిదా వేసిండ్రు. మీ అమ్మ నన్ను తిట్టిన తిట్లు గీ రికార్డుల పెట్టొద్దు. ఆ పొద్దంత నేను కింద కుర్చీల కూసున్న. నేనే సంపిన, నా దీనమ్మను నేనే సంపిన అనుకున్న.

తెల్లారి పైకి రమ్మని కబురు పంపింది. పోయిన. నా దిక్కు సూడలె, గోడ దిక్కు సూసుకుంటనే అడిగింది.

“గాయన పేరేంది, గడియారాలాయన?”

“హబీబ్.”

“నాకోసం దువా చెయ్యమను. ఆ పిల్లగాడు అన్నం తిన్నది ఆయన మాటకే గదా.”

మల్ల అన్నది, “నేను బతికొస్తే, నువ్వు సంఘం ముంగట లేచి గిదంత సాక్ష్యం చెప్పాలె. ఒక్క మాట దాసిపెట్టినవో, సూడు.”

ఉరికిన. పంజాగుట్ట దాంక ఉరికిన బిడ్డ, ఆటో సుత పిలవలె. దువా చెయ్యి భాయ్ అంటే, హబీబ్ భాయ్ దుకాణం కాన్నే చేతులెత్తిండు. ఏం జరిగిందని సుత అడగలె.

బతికింది. దేవుడు బతికిచ్చిండు. మూడో నెల మన చర్చిల, ముందు వరుసల ఆమెను కూసోబెట్టి, నేను లేచిన. మైకు పట్టుకున్న. “నేను ముప్పై ఏండ్లు దొంగ వాక్యాలు చెప్పిన” అన్న. ఒకళ్లు నవ్విండ్రు. ముసలామెను బావి కాడ పెట్టిన సంగతి చెప్పిన, అందరు నవ్విండ్రు. గడియారం కాడికొచ్చినంక నవ్వాగింది, కొంతమంది కండ్లు తుడుచుకున్నరు. అయిపోయిందనుకోని దిగుతుంటే పాస్టరయ్య, ముసలాయన, కర్ర పట్టుకోని లేచిండు. “నేను సుత ఒప్పుకోవాలె” అన్నడు. “గా క్రిస్మస్ నాడు గది నా వాక్యం కాదని నాకు ఎరుకే. అమ్మ పొగిడితే మనసుకు తియ్యగ ఉండె, ఊకున్న.” ఇగ సూడు, నవ్వులకు చర్చి కప్పు లేశిపోయింది. గా రోజు నాకెంత హాయి అంటే, ఇంటికొచ్చి పట్టపగలు మూడు గంటలు గుర్రుపెట్టిన.

మరుసటి ఐతారం ఆరాధన అయినంక ఆమెనే, “పద హోటల్‌కు” అన్నది. పుట్టినప్పటికెళ్లి గా హోటల్ గడప తొక్కని మనిషి. పోయి హబీబ్ భాయ్ ముంగట రెండు చేతులు జోడిచ్చి, “వందనాలు అయ్యగారు” అన్నది. ఆయన లేచి నిలవడ్డడు, చాయ్ అంగి మీద వడ్డది. “తౌబా తౌబా, ఏంది బెహన్, గట్లంటవ్!” అన్నడు. ఆమె నవ్వింది సూడు, ఆపరేషన్ కుట్లు నొస్తున్నయని రొమ్ము పట్టుకోని నవ్వింది.

ఇంక నాలుగేండ్లున్నది. ఆఖరుకు మంచం పట్టింది. హబీబ్ భాయ్ అంతకు ముందే పోయిండు. నేను ప్రతి ఐతారం చర్చికి పోయిన. ప్రమాణం, నిజంగనే పోయిన. ముందు బెంచి మీద కూసోని, నిద్రొస్తే గిల్లుకోని, చీటీ మీద రాసుకోని, వచ్చి ఒక్క మాట పోకుండ చెప్పేది. ఆఖరి ఐతారం సుత గట్లనే చెప్తున్న. కొత్త పాస్టరయ్య, పెద్ద సదువులాయన. ఆమె కండ్లు తెరిశి నన్ను సూసింది.

“బాగలేదయ్యా,” అన్నది. “హోటల్‌ది చెప్పు.”

“అది అబద్ధం గదా దీనమ్మా,” అన్న.

“నువ్వు నాకు చెప్పేసినంక ఇంకేడిది అబద్ధం? చెప్పు.”

చెప్పిన. ఆగు బిడ్డ... కండ్లద్దాలు ఇటియ్యి. ఏడుస్తలేను. ఏడిస్తే ఏడుస్త, ఏడవొద్దా నా పెండ్లానికి? గని ఎద మీద బరువు లేదు. సమాధి కాడ నిలవడ్డనాడు సుత లేదు.

నువ్వు రేపు నర్సు నౌకరిల చేరుతున్నవ్. నీకు సుత ఐతారం డ్యూటీలు పడ్తయ్, పండుగ డ్యూటీలు పడ్తయ్. సల్లగుండు బిడ్డ. నీ చెయ్యి పట్టుకున్నోళ్లందరు లేచి ఇంటికి పోవాలె. నీకొచ్చేటోడు నా అసొంటి అబద్ధాలకోరు కావద్దు... అయితే కానీ, ఏం జేస్తం. గని నువ్వుండంగనే ఒప్పుకునేటోడు దొరకాలె.